పాలక్యానులో గూఢచారి

చిన్నప్పుడు మా అన్న సినిమాలు చూసేవాడు, నేను వినేదాన్ని. ఆడపిల్లలు గూఢచారి సినిమాలు చూస్తే ఏమైపోతారో మా బాపు ఎన్నడూ చెప్పలేదు గానీ, పంపలేదు. అందుకని అన్న మ్యాట్నీ చూసొచ్చి, గౌలిపుర ఇంటి అరుగు మీద కూర్చుని కథంతా చెప్పేవాడు. తుపాకుల చప్పుళ్లు కూడా నోటితోనే.

పోయిన నెల ఒక ఆదివారం అన్న యాకుత్‌పురా నుంచి మా ఇంటికి భోజనానికి వచ్చాడు. రైల్వేలో రిటైరయ్యాక ఆయనకు తన జ్ఞాపకశక్తి మీద గర్వం పెరిగింది. పప్పు వడ్డిస్తుంటే ఆ పాత సినిమాల మాట వచ్చింది. ఒకదాంట్లో హీరో మెడకు ఎర్ర మఫ్లర్ ఉంటుందన్నాడు. అది నలుపు తెలుపు సినిమా కదా, ఎరుపని ఎట్లా తెలిసిందని అడిగాను.

"చూసినోనికి తెలుస్తది," అన్నాడు.

సరే, చూసినవాడే కదా అని నాకు బాగా గుర్తున్న సీను ఎత్తాను. అదే సినిమాలో శత్రువులు హీరోను సముద్రం అడుగున స్థావరంలో బంధిస్తారు. అతను పెద్ద పాలక్యానులో దూరి, మూత బిగించుకుని తప్పించుకుంటాడు. ఈ సీను పెళ్లైన కొత్తలో మా ఆయనకు చెప్పాను, తర్వాత పిల్లలకు చెప్పాను. సముద్రం అడుగున పాలు ఎవరికి పోస్తున్నారని మా ఇంట్లో ఒక్కరూ అడగలేదు.

అన్న ముద్ద ఆపాడు. "ఏ పాలక్యాను? కల గిట్ల వచ్చిందా చెల్లె?"

నాకు పౌరుషం వచ్చింది. మూతకున్న చిల్లులోంచి హీరో ఊపిరి పీల్చిన సంగతి కూడా చెప్పాను. సినిమా చూడని మనిషి చూసిన మనిషికి సీన్లు చెప్పడమేమిటన్నాడు ఆయన. మా లొల్లి భరించలేక కోడలు టీవీలో ఆ సినిమా వెతికి పెట్టింది.

మఫ్లర్ ఉంది. రంగు మాత్రం దేవుడికే తెలియాలి. ఇంటర్వెల్ దాకా అన్న ప్రతి డైలాగూ ముందే అప్పజెప్పి మమ్మల్ని వేధించాడు. ఆ తర్వాత మాలాగే కళ్లప్పగించి చూశాడు. సముద్రం లేదు. స్థావరం ఒక పాత గోడౌన్. విలన్ సెక్రటరీ తాళం తీసింది, హీరో తలుపులోంచి నడిచి బయటికి వచ్చాడు. అంతే.

నాకు నిజంగానే బాధేసింది. ఇంత చేతగాని వాడి కోసమా ఇన్నేళ్లు ఊపిరి బిగబట్టింది?

అప్పుడు అన్న మెల్లగా నిజం చెప్పాడు. ఆ రోజు బడి ఎగ్గొట్టి వెళ్లాడట. ఇంటర్వెల్లో బాపు హాల్లోకొచ్చి చెవి పట్టుకుని బయటికి లాగి ఇంటికి తరిమాడట. ఇంటికొస్తే నేనేమో కథ కోసం అరుగు మీద కాచుక్కూర్చున్నాను. అప్పుడే గల్లీ మొదట్లో పాలవాళ్ల క్యాన్లు చూసొచ్చాడట.

"నువ్వు ఇడుస్తవా మరి? హీరోను దాంట్ల ఏసిన."

చెప్పింది తానేనన్న సంగతి కూడా అప్పటిదాకా మరిచిపోయాడట.

"మీరు చెప్పిందే మంచిగున్నది మామయ్యా," అని కోడలు టీవీ కట్టేసింది. దాంతో ఆయన కోలుకుని, తెలివి తక్కువైంది డైరెక్టర్‌కేనని తేల్చేశాడు.

మిగతా సినిమాల్లో ఎన్ని పూర్తిగా చూశావని అడిగాను. వేళ్లు ముడిచాడు, మళ్లీ విప్పాడు. చాయ్ పెట్టమన్నాడు. అది తాగుతూ ఇంకో కథ మొదలుపెట్టాడు. అందులో విలన్ కారుకు లండన్ రోడ్డు మీద బంతిపూల బండి అడ్డం వచ్చింది. నేను మాత్రం అడ్డం రాలేదు.