పక్కింట్లో పద్దెనిమిది పాస్‌పోర్టులు

కరోనా ఆంక్షలు ఎత్తేశాక ఒక జూలైలో నన్ను బ్యాంకాక్ వారాంతపు గ్రూపుకు టూర్ మేనేజర్‌గా వేశారు. మా ట్రావెల్ ఏజెన్సీ ఆఫీసు ఉప్పల్‌లో, నా ఇల్లు నాచారంలో. రిటైర్మెంటుకు నాలుగు నెలలుంది. రెండేళ్ళ పొడిగింపు కోసం అర్జీ పెట్టుకున్నాను. ఇంట్లో కూర్చుని నా భార్య కమలకు వంటలో సలహాలిచ్చే వయసు నాకింకా రాలేదని నా నమ్మకం. కమల నమ్మకం కూడా అదే. ఈ గ్రూపు ప్రయాణికులు నింపే అభిప్రాయ పత్రాలు చూసి నిర్ణయం చెబుతామని యాజమాన్యం అంది.

ప్రయాణికులు పదిహేడు మంది. అందరూ ఒకే బ్యాండుకు అభిమానులు. గిటార్లు, డ్రమ్ములు పెట్టుకుని తెలుగు పాటలు పాడే హైదరాబాద్ కుర్రాళ్ళ బ్యాండు అది. వాళ్ళు శనివారం సాయంత్రం బ్యాంకాక్‌లో పాడుతుంటే వీళ్ళు శుక్రవారం వెళ్ళి ఆదివారం వచ్చేయాలి. ఇక్కడ పాడితే వినరా అని అడిగాను. ఇక్కడ వాళ్ళు పాడిన ప్రతిచోటా విన్నారట, ఇక మిగిలింది విదేశాలేనట. ఈ దండుకు నాయకురాలు స్వరూప. రామంతాపూర్ అమ్మాయి, ఒక ల్యాబులో టెక్నీషియన్. పదిహేడు మందికీ బ్యాండు బొమ్మున్న నల్ల టీషర్టులు చేయించింది. నాకూ ఒకటి ఇచ్చింది. నేను యూనిఫాం కోటు తప్ప వేసుకోనని మర్యాదగా చెప్పాను.

మా వృత్తిలో పాత పద్ధతి ఒకటుండేది. గ్రూపు పాస్‌పోర్టులన్నీ టూర్ మేనేజర్ ముందే వసూలు చేసుకుని, భుజానికి తగిలించుకునే ఒక పౌచ్‌లో పెట్టుకుని, విమానాశ్రయం కౌంటర్ దగ్గర ఎవరివి వాళ్ళకు ఇచ్చేవాడు. బుధవారం ఆఫీసులో జరిగిన ప్రయాణికుల సమావేశంలో దీని గురించి అరగంట ఉపన్యసించాను. పాస్‌పోర్టు నా చేతిలోంచి పోవడమంటూ జరగదన్నాను. తమ దగ్గరే ఉంచుకుంటామని స్వరూప అడిగితే, మీరు పోగొట్టుకుంటారమ్మా అని అందరివీ తీసేసుకున్నాను.

ఇప్పుడు అసలు సంగతి. ఇది ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. శుక్రవారం బస్సు ఉప్పల్‌లో పదకొండింటికి బయలుదేరాలి. అంటే నేను ఇల్లు కదిలేది పదీ ముప్పావుకు. శుక్రవారం రాహుకాలం పదిన్నర నుంచి పన్నెండు వరకు. పొడిగింపు అర్జీ బల్ల మీదున్నవాడు రాహుకాలంలో గడప దాటతాడా? మా రాజమండ్రి వైపు దీనికో ఉపాయముంది, ప్రస్థానం పెట్టడం అంటారు. వెంట తీసుకెళ్ళే వస్తువొకటి ముందే మంచి గడియలో పక్కింట్లో పెట్టి, వెళ్ళేటప్పుడు అక్కణ్ణుంచి తీసుకుపోతే ఆ మంచి గడియలోనే బయలుదేరినట్టు లెక్క. కమల తువ్వాలు పెట్టమంది. ప్రయాణంలో ఏది ముఖ్యమో అదే పెట్టాలి, తువ్వాలుతో ఎవరైనా విమానం ఎక్కుతారా అని కసిరాను. గురువారం సాయంత్రం పౌచ్ తీసుకెళ్ళి పక్కింటి యాదగిరి చేతిలో పెట్టాను. ఆయన రైల్వేలో పనిచేసి రిటైరైన మనిషి, పెద్దమనిషి. రేపు తీసుకుంటానన్నాను. ఫ్లైట్ ఎన్నింటికని ఆయన అడిగితే మూడున్నరకన్నాను.

శుక్రవారం పదీ ముప్పావుకు వెళ్ళి చూస్తే యాదగిరి ఇంటికి తాళం. పీర్జాదిగూడలో గృహప్రవేశానికి వెళ్ళారని ఎదురింటివాళ్ళు చెప్పారు. ఫోన్ చేస్తే మోగుతోంది గాని ఎత్తరు. కిటికీలోంచి తొంగిచూశాను. పౌచ్ దేవుడి పటం కింద స్టూలు మీద ఉంది, పైగా కుంకుమ బొట్టు కూడా పెట్టారు. పదిహేడు మంది షో పోతుంది, నా రెండేళ్ళూ పోతాయి.

స్వరూప ఫోన్ చేసి ఎక్కడున్నారని అడిగింది. పత్రాల తుది పరిశీలన జరుగుతోందని చెప్పాను. అబద్ధమేమీ కాదు, నేను వాటిని కిటికీలోంచి పరిశీలిస్తూనే ఉన్నాను. కాని ఆ పిల్ల గట్టిది. పావుగంటలో బస్సును మా వీధిలోకే తెచ్చేసింది. అప్పటికి నేను కోటు విప్పి, కమల ఇచ్చిన బూజు కర్రను కిటికీ ఊచల్లోంచి లోపలికి దూర్చి ఉన్నాను.

"ఏంది సార్, ఎవరింట్ల దొంగతనం జేస్తున్నరు?" అంది.

కమలే మొత్తం చెప్పేసింది, ఒక్క ముక్క కూడా దాచలేదు. పదిహేడు మందీ నవ్విన నవ్వుకు వీధి వీధంతా బయటికొచ్చింది. స్వరూప మాత్రం తమ బ్యానర్‌కు కట్టే పొడవాటి అల్యూమినియం రాడ్డు తెప్పించింది. చివర తీగ వంచి, పౌచ్ పట్టీకి తగిలించి, మెల్లగా కిటికీ దాకా లాగింది. అయితే పద్దెనిమిది పాస్‌పోర్టులతో ఉబ్బిన పౌచ్ ఊచల మధ్య పట్టదు. అందుకని నేను వేళ్ళు దూర్చి జిప్ తీసి, ఒక్కొక్క పాస్‌పోర్టు బయటికి లాగుతూ పేరు పిలిచాను. పిలిచినప్పుడల్లా ఒకరు వచ్చి తీసుకోవడం, మిగతావాళ్ళు చప్పట్లు కొట్టడం. పదిహేడూ వచ్చాయి. నాది లోపలి అరలో ఉంది. ఆ జిప్ లాగబోయేసరికి చెయ్యి జారి పౌచ్ కాస్తా కింద పడి మంచం కిందికి పోయింది.

పదకొండున్నరైంది. బస్సును ఇక ఆపకూడదు. హోటల్ వోచర్లు, గ్రూపు టికెట్ కాగితాలు స్వరూపకిచ్చి వెళ్ళమన్నాను. "ఫికర్ జెయ్యకు సార్, మేం జూస్కుంటం," అంది. నా జీవితంలో మొదటిసారి గ్రూపు నన్ను వదిలి వెళ్ళింది. అరుగు మీద కూర్చున్నాను. కమల మజ్జిగతోపాటు తువ్వాలు కూడా ఇచ్చింది. అదే ఎక్కువ బాధేసింది.

సరిగ్గా పన్నెండింటికి యాదగిరి స్కూటర్ దిగారు.

"ఏంది సార్, గిట్ల కూసున్నరు? ఫ్లైట్ మూడున్నరకన్నరు గద, గందుకే భోజనం గూడ జెయ్యకుండ ఉరుక్కుంట వచ్చిన."

తప్పు నాదే. ఎవరికైనా బయలుదేరే వేళ చెప్పాలి గాని విమానం వేళ చెప్పకూడదని కొత్తగా చేరినవాళ్ళకు నేనే నేర్పేవాణ్ణి. కారు మాట్లాడుకుని ఒకటింబావుకు శంషాబాద్ చేరాను. పదిహేడు మందీ సామాను వేసేసి, బోర్డింగ్ పాసులు పట్టుకుని, నా కోసం ఒక వరుసలో నిలబడి ఉన్నారు. నేనుంటే అంత చక్కగా ఎప్పుడూ నిలబడరు. స్వరూప నల్ల టీషర్టు మళ్ళీ నా చేతికిచ్చింది. ఈసారి వేసుకున్నాను. శనివారం షోలో మూడో పాటకు నేను కూడా చప్పట్లు కొట్టాను. ఆ సంగతి టూర్ రిపోర్టులో రాయలేదు.

సోమవారం అభిప్రాయ పత్రాలు వచ్చాయి. మా జనరల్ మేనేజర్ ఒక్కొక్కటీ చదువుతుంటే నేను ఎదురుగా కూర్చున్నాను. అన్నిట్లోనూ బాగుందనే గళ్ళోనే టిక్కు. టూర్ మేనేజర్ చేసిన మంచి పని ఏమిటన్న ప్రశ్నకు స్వరూప ఒకే వాక్యం రాసింది: "మా పాస్‌పోర్టులు మాకిచ్చిండు." జనరల్ మేనేజర్‌కు అందులో విశేషమేమీ కనబడలేదు. పొడిగింపు కాగితం మీద సంతకం పెట్టారు.

ఆ రెండేళ్ళూ నేను ఏ గ్రూపు పాస్‌పోర్టులూ వసూలు చేయలేదు. ఒక్కటి కూడా పోలేదు. ఇరవై ఆరేళ్ళు వాటిని భుజాన మోసింది వాళ్ళ భద్రత కోసమనుకున్నాను. నేను లేకపోతే వాళ్ళు కదల్లేరని అనిపించుకోవడానికే మోశాను.