ఇద్దరి తరఫునా కర్పూరం ఆర్పినవాణ్ణి

ఆ రోజుల్లో నా గొంతుకు ఉన్న మర్యాద నాకు ఉండేది కాదు. ఎనిమిదో తరగతిలో బడి మానేసి (బడే నన్ను మానేసిందని మా నాయన అనేవాడు) మదనపల్లె టమాటా మార్కెట్లో వేలంపాటలు అరిచి అరిచి పదును పెట్టుకున్న గొంతు అది. పుంగనూరులో మునిసిపల్ ఎన్నికలు వచ్చేసరికి మా వార్డులో నిలబడిన ఇద్దరూ ఆ గొంతునే పిలిచారు. పొద్దున ఒకాయన ఫ్లెక్సీ, సాయంత్రం ఇంకొకాయన ఫ్లెక్సీ. ఆటో అదే, మైకు అదే, నేనూ అదే. ఎవరికీ అభ్యంతరం లేదు. మార్కెట్లో కూడా కాయ ఎవరిదైనా అరిచేవాణ్ణి నేనే కదా.

వాళ్ళిద్దరి తగాదా అంతా వంక గురించి. చెరువు నిండి మొరవ (అలుగు) పొర్లితే ఆ నీళ్ళు పోయే వాగు అది, మా వార్డు మధ్యగా ఉండేది. వానలు లేక ఎండిపోయిన దాంట్లో ముళ్ళకంప కొట్టి, రాళ్ళు పాతి, ప్లాట్లు చేసి అమ్మినాయన ఒక అభ్యర్థి. ఆయన్ను ప్లాట్లాయన అందాం. ఊరు పెరగాలి, ఒక్క ఇల్లూ కదలదు అన్నది ఆయన వాగ్దానం. రెండో ఆయన చెయ్యి కలిపిన ప్రతివాడికీ ఒక మొక్క ఇచ్చేవాడు కాబట్టి మొక్కలాయన. ఇళ్ళు తీసేసి నీళ్ళకు దారి ఇస్తానన్నది ఈయన వాగ్దానం. (ఆ మొక్కల ప్లాస్టిక్ కవర్లన్నీ చివరికి వంకలోనే చేరాయి.) ఆ వంకలోనే మా పిన్నమ్మ రేకుల ఇల్లు, పక్కన రెండు ఆవుల కొట్టం. పాలమ్మి కట్టుకున్న ఇల్లు. వంకను బాగుచేస్తే ఇల్లు పోతుంది, చేయకపోతే వాన వచ్చిన రోజు ఇంటితో పాటు ఆమే పోతుంది. ఇది నాకు తట్టలేదు. ఆమెకు తట్టింది.

మా వైపు నోటిమాట మీద నమ్మకం లేకపోతే కర్పూరం వెలిగిస్తారు. ఆ మంటను అరచేత్తో ఆర్పి చెప్పిన మాట తప్పితే ఇంటికి మంచిది కాదని భయం. పొద్దున మొక్కలాయన రాగానే పిన్నమ్మ ఇత్తడి తట్టలో కర్పూరం వెలిగించి ఎదురొచ్చింది.

“మెట్ట మీద స్థలం సూపించినాకనే ఇండ్లు తీస్తానని ఆర్పప్పా,” అంది.

మొక్కలాయన మంట వైపు చూశాడు, పక్కనున్న తన కొడుకుల వైపు చూశాడు. “నేను సెప్పిందంతా ఈ అబ్బోడి గొంతుతోనే గదమ్మా సెప్పింది. వాడే ఆర్పుతాడు.”

“వాడు మా అక్క కొడుకప్పా. నువ్వు మాట తప్పితే తగిలేది మా ఇంటికి గదా.”

“మీవోడే అయితే ఇంకా నమ్మకం గదమ్మా.”

“మైకు బాడుగలో ఇది రాదన్నా,” అంటూనే ఆర్పేశాను. వీధంతా నవ్వింది. జనం నవ్వితే నాకు ఒళ్ళు తెలిసేది కాదు.

సాయంత్రానికి ఈ సంగతి ప్లాట్లాయనకు చేరింది. వస్తూనే, “పొద్దున ఆర్పినోడే ఇప్పుడూ ఆర్పుతాడు, ఎలిగించమ్మా,” అన్నాడు.

“అది సరేగానీ, నీళ్ళొస్తే యాడికి పోతాయప్పా?”

“ఈ వంకలో నీళ్ళు సూసినోళ్ళు ఎవురుండారమ్మా? వచ్చినప్పుడు సూస్తాంలే.”

ఇళ్ళు కదలవని ఆర్పాను, అదే చేత్తో. పిన్నమ్మ నన్ను పక్కకు పిలిచింది. “పొద్దున తీస్తామంటివి, ఇప్పుడు తీసేది లేదంటివి. ఏది నిజంరా?”

“చెయ్యి కాలింది మాత్రం రెండుసార్లూ నిజమే పిన్నమ్మా,” అన్నాను. మళ్ళీ అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు.

ప్లాట్లాయన గెలిచాడు. మాట ప్రకారం ఒక్క ఇంటినీ కదిలించలేదు. తర్వాతి వానాకాలం ముసురు పట్టి వదల్లేదు. ఒక మధ్యాహ్నం చెరువు మొరవ పారింది, కదిలించే పని నీళ్ళే చూసుకున్నాయి. పిన్నమ్మ ఒక ఆవును తోలుకుని గట్టెక్కింది. రెండో దాని పలుపు ముడి తడిసి బిగుసుకుని విడలేదు. కొట్టంతో పాటే పోయింది. మరుసటి రోజు ఇద్దరు నాయకులూ వచ్చి, బురద అంటని చోట నిలబడి ఫొటోలు దిగారు. (మొక్కలాయన ఈసారి మొక్కలు తేలేదు.) ఏదో ఒకటి అని పిన్నమ్మను నవ్విద్దామని నోరు తెరిచాను. “సూడి ఆవురా అది, కడుపులో దూడుండె,” అంది ఆమె. 

ఇప్పుడు పిన్నమ్మ కుప్పం దగ్గర శాంతిపురంలో కూతురి ఇంట్లో ఉంటోంది. మొన్న ఫోను చేసింది. “ఈడా ఓట్లొచ్చినాయిరా. ఒకడు గుట్టను తవ్వనీనంటాడు, ఇంకొకడు తవ్వితేనే అందరికీ పని అంటాడు.”

“ఎవరికేస్తావు?”

“ఇద్దుర్నీ ఒకటే అడిగినా, నీ కాపురం యాడప్పా అని.”

“ఏమన్నారు?”

“ఇద్దురిదీ బెంగళూరే.”

చాలాసేపు నవ్వుకున్నాం, ఆమె కూడా. ఫోను పెట్టేశాక ఆటోలో మైకు పట్టుకుని కూర్చున్న అప్పటి నేను గుర్తొచ్చాడు. మా వార్డు ఇద్దరినీ అడగాల్సిన ఇంత చిన్న ప్రశ్న వాడికి తట్టలేదు పాపం. తట్టినా అడిగి ఉండేవాడు కాదు. దాన్నీ ఒక జోకు చేసి, పక్క వీధికి తిప్పమని డ్రైవరుకు చెప్పి ఉండేవాడు.