ఉత్తుత్తి మూడు ముళ్లు

"చెయ్యి దించు. మెడలకెల్లి అది తియ్యకు."

"నానమ్మా, ఇది ఉత్త దారం. రేపటి ఫోటోకు ప్రాక్టీసని కట్టింది."

"పసుపు దారం, పసుపు కొమ్ము, మూడు ముళ్లు. పెండ్లికి ఇంకేం గావాలె?"

"ముహూర్తం గావాలె, మంత్రాలు గావాలె. పంతులు ఒక్క నిమిషం ఆలస్యం జేస్తెనే ఊకోవు నువ్వు."

"ముహూర్తం తప్పింది నేను గాదు, మీరు."

నా మనుమరాలు రెండు చేతులు మెడ ఎన్కకు పెట్టి ముడి ఇప్పబోతుంటె నేను మణికట్టు పట్టుకున్న. గచ్చిబౌలిల ఫంక్షన్ హాలు, పగటీలి మూడు గంటలు. తెల్లారితె పెండ్లి. పెండ్లికొడుకు పక్క పీట మీద కూసోని మా ఇద్దరి దిక్కు చూస్తున్నడు. ఎదురుంగ ఫోటోగ్రాఫర్ కెమెరా దించి నిలవడ్డడు.

ఆ ఫోటోగ్రాఫర్ వారం ముంగట గోపన్‌పల్లిల మా ఫ్లాట్‌కు వచ్చిండు. కోస్తా మనిషి, మాటమాటకు అండి అంటడు. కెమెరా గొప్పలు చెప్పలే. ఏ తంతు ఎన్క ఏ తంతు, ఎవరు ఏ దిక్కు కూసుంటరు, అన్నీ అడిగి రాసుకున్నడు. "అక్షింతలు మొహానికేసి కొట్టకుండా ఒళ్లో పడేలా మీవాళ్లకు చెప్పండి మామ్మగారూ" అన్నడు. బియ్యం ఆగం గాకుంట చూసేటోడు నాకు మంచోడే. అప్పుడు నచ్చిండు.

నా మనుమరాలు ఐటీ ఆఫీసుల పని చేస్తది, దేనికైనా లిస్టు రాస్తది. ఫోటోల లిస్టుల మొదటిది ఇది: బోసి మెడ, పెండ్లికొడుకు చేతులు, పడబోయే ముడి. "మిగిలినయి ఎట్లొచ్చినా సరే, ఇదొక్కటి పోవద్దు" అన్నది.

ఫోటోగ్రాఫర్ లేచి పోయేటప్పుడు నన్ను అడిగిండు, మీ పెళ్లిలో పుస్తెలు ఎలా ఉండేవండీ అని. ఉన్నది చెప్పిన. మా నాయిన కాడ బంగారం లేకుండె. పసుపు కొమ్ముకు దారం చుట్టి అదే కట్టిచ్చిండ్రు. పుస్తెలు రెండేండ్లకు వచ్చినయి. అదీ రాసుకున్నడు.

ఇగ ఆ పగటీలి హాల్ల, నేను వంటింట్ల కొబ్బరికాయలు ఆడిచ్చి చూసి, ఒకటి చేత పట్టుకోని బయటికి వచ్చిన. "మోచేతులు కిందికి సార్. తల వంచకండి, మీ నీడ ఆవిడ మెడ మీద పడుతోంది. మూడో ముడి కూడా వేసెయ్యండి" అంటున్నడు ఫోటోగ్రాఫర్. నా కండ్ల ముంగట మూడోది పడ్డది. కొబ్బరికాయ ఎక్కడ పెట్టిన్నో ఇప్పటికీ యాది లేదు.

"మీరు చెప్పినట్టే చేయించానండి" అన్నడు నన్ను చూసి. "వట్టి దారమైతే బరువుండదు, సరిగ్గా వేలాడదు. అందుకే కొమ్ము కట్టాను. మీకు సంతోషంగా ఉంటుందనుకున్నాను."

ఆయనను తిడదామంటె, చెప్పింది నేనే.

పెండ్లికొడుకుది రాయలసీమ. "అవ్వా, నేను ఎగతాళికి కట్టలేదు. ఆయన చెప్పినట్ల కట్టినా. తప్పయింటే చెప్పు, ఏం జేయాల?"

"ఏం జెయ్యకు. రేపటిదాక అది ఉండాలె."

"మరి ఆ ఫోటో?" అన్నది మనుమరాలు. కండ్లల్ల నీళ్లు తిరిగినయి. "నేను అడిగింది అదొక్కటే గదా. మెడల ఇది పెట్టుకోని ఎట్లొస్తది?"

"మెడలకెల్లి పసుపు తాడు తీసుడంటే ఏందో నాకు ఎరుక" అన్న. "నాది తీసిననాడు, దాని ఎన్క మెడకు ఏమీ రాలే."

మైకు సరిజేసేటోడు గూడ మా దిక్కు తిరిగిండు.

పిల్ల తల్లి, నా కోడలు, అప్పటిదాక గోడకు ఆనుకోని నిలవడి ఉండె. "అత్తమ్మా, నా తాడు పాతగైన నాడల్ల ఏం జేయిస్తవు?" అని అడిగింది.

కొత్తది కట్టుకున్నంకనే పాతది తీయిస్త. మెడ ఒక్క గడియ గూడ ఉత్తగ ఉండద్దు. ఆ మాట ఆమెకు నేర్పింది నేనే. భయంల నాకే తట్టలే.

"అట్లనే జేద్దాం" అన్న.

"అంటే కాసేపు రెండూ ఉంటాయన్నమాట" అన్నడు ఫోటోగ్రాఫర్. "కొమ్మును వీపు వైపు తిప్పుకోవచ్చా మామ్మగారూ?"

"తిప్పద్దు."

సరేనండి అని రాసుకున్నడు. మనుమరాలు నా దిక్కు చూడకుంట లేచి లోపలికి పోయింది. కొమ్మును పిడికిట్ల పట్టుకోని పోయింది, ఇప్పలే.

తెల్లారి ముహూర్తానికి పంతులు పిల్ల మెడ చూసి నా దిక్కు చూసిండు. కట్టియ్యున్రి అన్న. పెండ్లికొడుకు మోచేతులు కిందికి పెట్టి, తల ఎత్తి, మూడు ముళ్లు ఏసిండు. కొత్త తాడు పాతదాని మీద పడ్డది. ఫోటోగ్రాఫర్ మోకాళ్ల మీద కూసోని తీసిండు, మాకు అడ్డం రాలే. అక్షింతలు ఒళ్లెనే పడ్డయి. అటెన్క నా కోడలు పాత ముళ్లు ఇప్పింది. మూడోది బిగుసుకపోయింది, పంటితోని ఇప్పవలసి వచ్చింది. మనుమరాలు కెమెరా తెప్పిచ్చుకోని ఆ ఫోటో చూసింది. మెడల రెండు పసుపు తాళ్లున్నయి. "ఉండనియ్యి" అని కెమెరా తిరిగి ఇచ్చింది. కొమ్మును నా కోడలు ఇంటికి తెచ్చి బాల్కనీల తులసి కుండీల పెట్టింది.