పదిహేనో అడ్మిషన్

నాగజ్యోతి జీవితాన్ని మలుపు తిప్పిన ప్రభుత్వ ఉత్తర్వులు రెండు. మొదటిది, ఫీజు సర్కారే కడుతుందన్నది. ఆ పుణ్యాన అడవులదీవిలో ఎండుచేపలు తిరగేసుకుంటూ ఉండాల్సిన పిల్ల రేపల్లె కాలేజీలో ఆక్వాకల్చర్ చదివి, అక్కడే అడ్మిషన్ల గుమస్తా అయింది. రెండోది ఈ ఏడాది వచ్చింది. పదిహేను మంది చేరని కోర్సు ఎత్తేస్తారట.

అడ్మిషన్ల ఆఖరి రోజు పొద్దునకి ఆక్వాకల్చర్‌లో పద్నాలుగు మందే. పదిహేనోది అడవులదీవి సాయిసుధ. కాగితాలన్నీ సిద్ధం, ఓటీపీ ఒక్కటే కావాలి. ఆ పిల్ల ఆధార్‌కు తండ్రి నంబరు ఇచ్చారు. ఆ ఫోనేమో తండ్రి చిన్నయ్య జేబులో, సముద్రం మీద ఉంది. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ పడవెక్కిపోతుందని రూలు రాసిన మహానుభావులకు ఎవరు చెప్పాలి?

"సాయంత్రం ఐదింటికి సైటు మూసేస్తారమ్మా. ఇంక కోర్సు లేనట్టే," అన్నారు ప్రిన్సిపాల్ శేషగిరిరావు గారు.

తాను చదివిన క్లాసుకు తాళం పడుతుందంటే నాగజ్యోతికి ఒళ్లు మండింది. "అప్పుడే నీళ్లొదిలేయకండి సార్. మీరు కంప్యూటర్ ముందు నుంచి లేవకండి, చాలు," అని నిజాంపట్నం బస్సెక్కింది.

హార్బరులో పడవల యజమానుల షెడ్డులో వైర్‌లెస్ సెట్టు ఉంది. మైకు అందుకుంది.

"చిన్నయ్య బాబాయ్, నేను జ్యోతిని. ఫోనుకి సిగ్నల్ అందేదాకా ఒడ్డు వైపుకి రా. సుధ సీటు నీ ఫోన్లోనే ఉంది."

"వల నీళ్లలో ఉందే అమ్మాయ్!"

"వల రేపైనా వేసుకోవచ్చు. సీటు రేపుండదు బాబాయ్."

సెట్టు కాసేపు గరగరలాడింది. "సరే, లాగేస్తన్నాం," అన్నాడు చిన్నయ్య.

నాలుగున్నర దాటాక చిన్నయ్య ఫోనుకి సిగ్నల్ అందింది. నాగజ్యోతి ఫోన్లో చెప్పగానే ప్రిన్సిపాల్ గారు ఓటీపీ పంపే బటన్ నొక్కారు. చిన్నయ్య వైర్‌లెస్‌లో అంకెలు చదివాడు. ఇంజను మోతలో సగం వినపడలేదు. అదే చానల్లో ఉన్న మిగతా పడవలవాళ్లు అందుకున్నారు. "ఏడు కాదమ్మా, తొమ్మిది అంటన్నాడు!" ఎవరికీ చెప్పకూడని నంబరు ఆ సాయంత్రం సముద్రమంతా వింది. ఐదుకు ఆరు నిమిషాల ముందు సాయిసుధకు సీటు ఖాయమైంది.

మర్నాడు శేషగిరిరావు గారు పొంగిపోతూ, "నీ గురించి పైవాళ్లకు రాస్తానమ్మా," అన్నారు.

"నా గురించి ఎందుకండీ? ఏటా సర్కారు సముద్రంలో చేపల వేట ఆపేసే రెండు నెలల్లోనే అడ్మిషన్లు పెట్టమని రాయండి సార్. అప్పుడు మా నాన్నలందరూ ఇళ్లలోనే ఉంటారు."