నాలుగు వేళ్లు జరిగిన రాయి

సర్వే శాఖలో ముప్పై ఆరేళ్లు పనిచేసి రిటైరయ్యాక దిల్‌సుఖ్‌నగర్‌లో ఇల్లు కట్టుకున్నాను. ఎనభైల మొదటి సంవత్సరాలవి. మా వీధిలో అప్పటికి పదకొండు ఇళ్లు. మిగతావన్నీ ఖాళీ ప్లాట్లు, వాటి మూలల్లో హద్దురాళ్లు. పొద్దున నడకకు వెళ్లినప్పుడు ఆ రాళ్లు వరసలో ఉన్నాయో లేదో కంటితోనే చూసుకుంటూ పోయేవాణ్ని. ఉద్యోగం అయిపోయినా ఆ చూపు పోలేదు.

మా ఎదురింట్లో గుంటూరు వైపు నుంచి వచ్చిన బ్యాంకు ఆఫీసరు ఉండేవాడు. నాకంటే ఇరవై ఏళ్లు చిన్నవాడు, నన్ను బాబాయ్‌గారూ అని పిలిచేవాడు. వానలు వెనకబట్టిన రోజుల్లో ఒక సాయంత్రం మా అరుగు మీద కూర్చుని, తాను ఒక గోల్ఫ్ సంఘానికి సెక్రటరీనని చెప్పాడు. నేను పేపర్లో ఫొటో చూశానే తప్ప ఆ ఆట ఎరగను. ఆటను వృత్తిగా కాక ఇష్టంకొద్దీ ఆడేవాళ్ల సంఘమట అది. చుట్టుపక్కల జిల్లాలతో కలిపి నలభై మంది సభ్యులు. సొంత మైదానం లేదు. ఊరికి అవతలి కొసన ఉన్న మైదానాల్లో వీళ్లకు చోటు దొరకదు.

"ఎల్బీనగర్ చౌరస్తా దాటాక ఒక పటేలుగారి భూమి ఉంది. ప్లాట్లు వేశారు, ఇంకా ఇళ్లు రాలేదు. ఈ ఒక్క సీజన్‌కి ఆడుకోనిస్తానన్నారు. కొలవడం తెలిసిన మనిషి కావాలి బాబాయ్‌గారూ. మాలో అందరూ కొట్టేవాళ్లే, కొలిచేవాళ్లు లేరు."

అతని ఆరాటం ఎందుకో ఆ రోజే తెలిసింది. సీజన్‌లో ఆరు పోటీలు ప్రకటించి ఆరూ పూర్తిచేసి లెక్కలు పంపితేనే పైనున్న పెద్ద సంఘం వీళ్లకు గుర్తింపు ఇస్తుంది. గుర్తింపు ఉంటేనే వీళ్ల ఆటగాడు బయటి ఊళ్లలో ఆడగలడు. అప్పటికి రెండేళ్లు ప్రయత్నించారు. ఒకసారి వానలకు, ఒకసారి స్థలం లేక మధ్యలో ఆగిపోయింది. "ఈసారీ ఆగితే సంఘం ఎత్తేయడమే. సగం మంది అప్పుడే మానేశారు" అన్నాడు.

మరునాడు ఇద్దరం పటేలును చూడబోయాం. బావి దగ్గరి గదిలో మంచం మీద కూర్చుని ఉన్నాడు. డెబ్బై ఏళ్ల మనిషి. ఆట ఎలా ఉంటుందో సెక్రటరీ చేతులు తిప్పి చూపిస్తుంటే చాలాసేపు విన్నాడు.

"గుంతల బంతి పడాలె, గంతే గదా? గోలీలాటనే ఇది. మేం కూసొని ఆడినం, మీరు నిలవడి ఆడుతున్రు" అన్నాడు.

"అంతేనండి" అన్నాడు సెక్రటరీ.

"ఆడుకోండ్రి. గని ఒక మాట. సగం ప్లాట్లు అమ్మిన. కొన్నోళ్లు ఐతారం ఐతారం పిల్లజెల్లతోని వచ్చి రాయి చూసుకొని పోతరు. ఒక్క రాయి కదిలినా నాకు పరేషాన్. కదిలిందా, ఆట బంద్. మల్ల నన్ను అడగొద్దు."

ఆ మాట ఆ రోజు డైరీలో ఉన్నదున్నట్టు రాసుకున్నాను.

రాళ్ల మధ్య నుంచి తొమ్మిది గుంతలకు దారి గీయడానికి నాకు పన్నెండు రోజులు పట్టింది. లేఅవుట్ కాగితం ఒక చేతిలో, టేపు ఒక చేతిలో. నీళ్లు లేని నేల కాబట్టి గుంత చుట్టూ పచ్చిక ఉండదు. ఇసుకలో వాడేసిన ఇంజన్ ఆయిలు కలిపి గుండ్రంగా పరిచి, ఇనుప పైపుతో లాగి నున్నగా చేస్తారు. దాన్ని బ్రౌన్ అంటారు. ఆ ఆయిలు చౌరస్తా దగ్గరి లారీ షెడ్డు నుంచి వచ్చేది. షెడ్డు నడిపే మెకానిక్ దేవరకొండ వైపు పల్లె నుంచి వచ్చినవాడు. డబ్బాలు దించి వెళ్లిపోవలసినవాడు, మొదటి రోజు ఒక కర్ర అడిగి తీసుకుని కొట్టి చూశాడు. బంతి ఎటు పోయిందో మాకెవరికీ కనిపించలేదు. అతను మాత్రం చూపుడు వేలు చాచి "గా తుమ్మచెట్టు అవతల పడ్డది" అన్నాడు. వెళ్లి చూస్తే అక్కడే ఉంది. నెల తిరిగేసరికి అతను కూడా సభ్యుడు.

మొదటి పోటీకి ముందు సెక్రటరీని అడిగాను, అంపైరు ఎవరని.

"ఎవరూ ఉండరు బాబాయ్‌గారూ. ఇద్దరిద్దరు వెళ్తారు. ఎన్ని దెబ్బలకు బంతి గుంతలో పడిందో ఒకరి లెక్క ఒకరు రాస్తారు. తక్కువ దెబ్బలవాడిదే గెలుపు."

"మరి తప్పు ఎవరు పడతారు?"

"ఎవరి తప్పు వాళ్లే చెప్పుకుని, తమ లెక్కలో దెబ్బలు కలిపించుకుంటారు."

నేను నవ్వాను. అతను నవ్వలేదు. నా ఉద్యోగమంతా రాళ్ల చుట్టూ గడిచింది. అన్నదమ్ములు రాయికి చెరోపక్క నిలబడి తిట్టుకోవడం చూశాను. పసుపు కుంకుమ పెట్టిన రాయిని రాత్రికి రాత్రే జరిపి, పొద్దున దాని మీదే చెయ్యి వేసి ఒట్టు పెట్టినవాళ్లను చూశాను. రాయి తన లాభానికి జరిగిందని తన నోటితో చెప్పినవాణ్ని ముప్పై ఆరేళ్లలో ఒక్కణ్నీ చూడలేదు. ఇలాంటి నమ్మకం మీద ఆట నడుస్తుందంటే, చదువుకున్నవాళ్ల ముచ్చట్లనుకున్నాను.

ఆట నడిచింది. నెలకొక పోటీ చొప్పున ఐదు పూర్తయ్యాయి. ప్రతి ఆదివారం ప్లాట్లు కొన్నవాళ్లు స్కూటర్ల మీద వచ్చేవారు. చాప పరుచుకుని తమ గజాల్లో తాము కూర్చుని పులిహోర తినేవారు. ఇక్కడ వంటిల్లు, ఇక్కడ బోరు అని పిల్లలకు చూపించేవారు. వాళ్ల నెత్తి మీదుగా బంతి పోకుండా మేం ఆగితే, "పర్వాలేదు, ఆడుండ్రి సార్, వంటింట్ల కెల్లి పోండ్రి" అనేవాడు ఒకాయన. సంక్రాంతి దాటాక మూడో గుంత దారిలో బోరుబండి దిగింది. ఆ గుంత దారిని పక్కకు జరిపాను. తర్వాత ఐదో గుంత మీద ఎవరిదో ఇటుకల లోడు దిగింది. ఆ గుంతనూ జరిపాను. మైదానం నా కళ్ల ముందే కాలనీ అవుతోంది. మిగిలిన జాగాలోనే ఈ నలభై మంది వారం వారం వచ్చి, ఎవరూ చూడని చోట తుమ్మపొదలో బంతికి కర్ర తగిలితే కూడా "నాకొక దెబ్బ వేసుకోండి" అని చెప్పుకుంటున్నారు. నేను మెల్లమెల్లగా నవ్వడం మానేశాను.

ఆరో పోటీ ఫాల్గుణంలో ఒక ఆదివారం పెట్టారు. సోమవారం నుంచి కాలనీ రోడ్లకు కంకర పోస్తారని పటేలు ముందే చెప్పాడు. కాబట్టి ఆ రోజు అయితే అయినట్టు, లేకపోతే లేదు. సాయంత్రం నాలుగింటికల్లా మిగతా అందరూ ముగించారు. చివరి జంటగా సెక్రటరీ, మెకానిక్ మిగిలారు. వాళ్ల వెనకాల లెక్కల పుస్తకంతో నేను. మెకానిక్ ఒక దెబ్బ ముందున్నాడు.

తొమ్మిది గుంతలనూ రెండుసార్లు చుట్టాలి. రెండో చుట్టులో ఆరో గుంత దగ్గర అతని బంతి ఒక హద్దురాయి పక్కన ఆగింది. రాయి అడ్డమొచ్చినా బంతి ఉన్నచోటి నుంచే కొట్టాలని మొదట్లోనే నియమం పెట్టుకున్నాం. అతను వెనక కాలు రాయికి ఆనించి పట్టు కోసం అదిమాడు. పక్కన పైపుకోసం తవ్విన మట్టి వదులుగా ఉందేమో, రాయి మెత్తగా వెనక్కి జరిగింది. నేను పదడుగుల దూరంలో పుస్తకంలోకి చూస్తున్నాను. సెక్రటరీ తన బంతి దగ్గర, మాకు వీపు తిప్పి ఉన్నాడు. మెకానిక్ కొట్టలేదు. కర్ర దించేశాడు.

"సార్, రాయి కదిలింది. నా కాలే. నాకు రెండు దెబ్బలు రాసుకోండ్రి" అన్నాడు.

సెక్రటరీ వచ్చి చూశాడు.  అతన్ని భయపెట్టింది రెండు దెబ్బలు కాదు, రాయి కదిలితే ఆట బంద్ అన్న పటేలు మాట. చుట్టూ ఎవరూ లేరు. నా వైపు తిరిగి చాలా మెల్లగా అన్నాడు: "బాబాయ్‌గారూ, మీ దగ్గర టేపుంది. అయిదు నిమిషాల పని కదా."

అయిదు నిమిషాలు కూడా పట్టదు. నా చెయ్యి అప్పటికే సంచీలోకి పోయింది. ఆ మాట ఇక్కడ దాచను. రాయిని దాని చోట పెడితే ఎవరికీ నష్టం లేదు కదా అనే అనుకున్నాను.

మెకానిక్ మాత్రం తల అడ్డంగా ఊపాడు. "రాసేది ఎట్ల సార్ మరి? ఆరో గుంతల రెండు దెబ్బలు ఎందుకని అడిగితే రాయి కదిలిందని రాయాలె గదా. కార్డుల కదిలి, పటేలు కాడ కదలకపోతే ఎట్ల? నేను పోయి చెప్పొస్త."

సెక్రటరీ తన కర్రను నేల మీద పెట్టాడు. తర్వాత "ఆగండి, నేనూ వస్తాను" అన్నాడు. అతని ఇన్నేళ్ల శ్రమ ఆ నడకలో పోతుందని అతనికి తెలుసు. అయినా ముందు అతనే నడిచాడు.

పటేలు కర్ర పట్టుకుని వచ్చాడు. రాయి చుట్టూ ఒకసారి తిరిగాడు.

"ఎంత జరిగింది సర్వేయర్ సాబ్?"

రెండు వైపుల రాళ్ల నుంచి కొలిచి చెప్పాను. "నాలుగు వేళ్లు. ఉత్తరానికి."

"ఎవరు చూసిండ్రు?"

"ఎవ్వరు చూడలే పటేలా" అన్నాడు మెకానిక్.

"మరెందుకు చెప్పినవ్?"

"ఆటల చెప్పాలె."

పటేలు కర్రకు ఆనుకుని అతని మొహంలోకి చూశాడు. నవ్వుతాడో కసురుతాడో తెలియలేదు. "మా పాలోళ్లకు, అన్నదమ్ముల పిల్లలకు నేర్పుండ్రయ్యా గీ ఆట. ఇరవై ఏండ్ల సంది కోర్టు కచేరి చుట్టు తిరుగుతున్న, ఒక గట్టు కోసం" అన్నాడు.

సెక్రటరీ ఆశగా తలెత్తాడు. పటేలు చెయ్యి అడ్డం పెట్టాడు. "ఆగు. ఆట సంగతి నన్నడగొద్దు. ఉత్తరం ప్లాటు నాది, ఇంకా అమ్మలే. దక్షిణం ప్లాటు ఒక టీచరమ్మది, సైదాబాద్‌ల కిరాయికి ఉంటది. రాయి నా ఒక్కనిది గాదిప్పుడు. ఆమె వచ్చి చూసి సరే అంటే సరే. కాదంటే బంద్."

సెక్రటరీ స్కూటర్ మీద సైదాబాద్ వెళ్లాడు. మేం ముగ్గురం ఎండలోనే కూర్చున్నాం. రాయిని ఎవరమూ ముట్టుకోలేదు. మెకానిక్ బంతి కూడా పడ్డచోటే ఉంది. పటేలు దాన్ని కర్ర కొసతో చూపించి, "దీన్ని ముడితే గూడ దెబ్బేనా?" అన్నాడు.

"దెబ్బే."

"అమ్మో" అని కర్ర వెనక్కి తీసుకున్నాడు.

గంటకు పైనే అయింది. టీచరమ్మ స్కూటర్ దిగింది. నలభై దాటిన మనిషి, చేతిలో రిజిస్ట్రీ కాగితాల కవరు. దారిలో సెక్రటరీ అంతా చెప్పినట్టున్నాడు, అయినా ఆమె కంగారుగానే ఉంది. రాయి దగ్గర నిలబడి సూటిగా నన్నే అడిగింది.

"నాకు తక్కువైందా సార్?"

"లేదమ్మా. నాలుగు వేళ్లు ఎక్కువ వచ్చింది. పటేలుగారి భూమిలోకి జరిగింది."

ఆమె పటేలు వైపు చూసింది. పటేలు ఆకాశం వైపు చూశాడు. ఆమె కవరు సంచీలో పెట్టేసుకుంది. "ఎక్కువొచ్చిందని చెప్పనీకి నన్ను పిలిపిచ్చిండ్రా?" అని నవ్వింది. "యాడిది ఆడ పెట్టుండ్రి సార్. నాలుగు వేళ్లతోని నేనేం గోడ కడత."

అప్పుడు సంచీలోంచి టేపు తీశాను. సున్నంతో గుర్తు వేశాను. మెకానిక్ గడ్డపారతో రాయి ఎత్తి గుర్తులో నిలిపి మట్టి దట్టించాడు. పటేలు కాలితో తొక్కాడు. టీచరమ్మ వంగి, రాయి పై కొసను చేత్తో ఒకసారి ఊపి చూసింది. అది కదల్లేదు. ఒక హద్దురాయి చుట్టూ భూమి ఇచ్చినవాడు, కొన్నామె, జరిపినవాడు నిలబడి, ఎవరూ గొంతు పెంచకుండా ఉండటం నా జీవితంలో అదొక్కసారే చూశాను.  పుస్తకం తెరిచి ఏదో రాస్తున్నట్టు నటించాను.

"సరేనా అమ్మా, ఆడుకోనియ్యాల్నా?" అన్నాడు పటేలు.

"ఆడనీయుండ్రి. నేను గూడ చూస్త. పొద్దు ఇంకా ఉంది గదా."

మిగిలిన గుంతలు వాళ్లిద్దరూ పొద్దుతో పోటీపడి ఆడారు. పటేలు, టీచరమ్మ, నేను వెనకాల. బంతి బ్రౌన్ మీద దొర్లుతుంటే పటేలు ఊపిరి బిగబట్టేవాడు. తొమ్మిదో గుంతలో ఆఖరి బంతి పడ్డప్పుడు సూర్యుడు బోరుబండి వెనక ఉన్నాడు. మెకానిక్ ఒక దెబ్బ తేడాతో ఓడిపోయాడు. కార్డు మీద సంతకం చేసేముందు ఆరో గుంత గడి మీద వేలు పెట్టి సరిచూసుకున్నాడు. సెక్రటరీ తన కార్డును ఇంకోసారి మొదటినుంచి కూడి, అప్పుడు నా చేతికి ఇచ్చాడు. 

గుర్తింపు ఉత్తరం తొలకరి రోజుల్లో వచ్చింది. లారీ షెడ్డులో, టైర్ల మీద కూర్చుని సెక్రటరీ దాన్ని పైకి చదివాడు. రెండుసార్లు చదివించుకున్నాం. అప్పటికి మా తొమ్మిది గుంతల్లో ఏడింటి మీద పునాదులు లేచాయి.

మెకానిక్ చేతుల గ్రీజు గుడ్డతో తుడుచుకుంటూ అడిగాడు. "గుర్తింపొచ్చింది, మంచిగుంది. ఇగ ఆడనీకి జాగ ఏది సార్?"

సెక్రటరీ ఉత్తరం మడిచి నా వైపు చూశాడు. మీర్‌పేట్ దారిలో రాళ్లు పాతని భూమి కొంత ఉందని నేనప్పటికే విన్నాను. పొద్దున ఆరు గంటలకు స్కూటర్ తీసుకుని రమ్మన్నాను.