నా వెంట్రుకతో వేసిన ముడి

మా ఇంట్లో ఎవరికి పులిపిరి లేచినా నా జడే గతి. దాని మొదట్లో వెంట్రుక చుట్టి బిగిస్తే ఎండి రాలిపోతుందని నమ్మకం. నా వెంట్రుక గట్టిదని మా నాయనకు మహా గర్వం. మార్కాపురంలో మా కిరాణా దుకాణానికి వచ్చినోళ్లందరికీ, "నా కూతురు ముడేసిందంటే వారంలో రాలాల్సిందే, ఇంక డాక్టరెందుకు?" అని చెప్పేవాడు. నేనేమన్నా తక్కువ తిన్నానా? పెద్ద డాక్టరమ్మలాగా పోజు కొట్టేదాన్ని.

నాయనకు ముక్కు పక్కన, రెప్ప మీద, చెంప మీద పసుపు రంగు బొడిపెలు లేచేవి. కొన్నేండ్లలో నాలుగు కట్టినాను. రాలినవి రాలినట్టు ఊడ్చి చెత్తకుప్పలో వేసినాను.

తర్వాత నాయనకు దొడ్డికి పోతే నెత్తురు పడింది. మొలలనుకొని మజ్జిగ తాగించినాం. ఒంగోలు తీసకపోయేసరికి పేగులో క్యాన్సర్ ముదిరిపోయింది. డాక్టర్ నన్ను పక్కకు పిలిచి, "మీ నాయనకు ముఖం మీద ఎప్పుడైనా గడ్డలు లేచినాయా?" అని అడిగినాడు. కట్టి రాల్చిన సంగతి గొప్పగానే చెప్పినాను, సిగ్గులేనిదాన్ని. ఆయన తల పట్టుకున్నాడు.

"అన్నీ అట్లాంటివి కావమ్మా. ఎక్కడో కొన్ని మాత్రం లోపలి క్యాన్సర్‌కు ముందు గుర్తు. వంశంలో వస్తుంది. ఒక్కటి పరీక్షకు పంపినా అప్పుడే తెలిసేదేమో."

ఆ మాట నాయనకు ఎట్ల చెప్పేది? మంచంలో ఉండి గూడా కణత చూపించి, "ఇంకోటి లేచింది, కట్టమ్మా" అన్నాడు. "నా జుట్టంతా ఊడిపోతాంది నాయనా" అని అబద్ధమాడినాను. నెల తిరక్కుండానే పోయినాడు.

పదో దినం తమ్ముడికి గుండు గీసినారు. ఇన్నాళ్లూ జుట్టు కింద దాక్కున్న పసుపు బొడిపె ఒకటి చెవి వెనక బయటపడింది. వాడు తడుముకొని, "అక్కా, దీన్ని గూడా కట్టేయ్" అన్నాడు.

"ముట్టుకోవాకు!" అని అరిచినాను. చుట్టాలందరూ తిరిగి చూసినారు. చూస్తే చూడనీ.

ఒంగోల్లో దాన్ని కోసి, చిన్న సీసాలో వేసి, ల్యాబ్‌లో ఇచ్చి రమ్మన్నారు. ఆ సీసాను రెండు చేతులతో పట్టుకొని నడిచినాను. రిపోర్టులో నాయన జబ్బు గుర్తే వచ్చింది. పేగులోకి కెమెరా పంపి చూసినాక డాక్టర్, "లోపల ఇంకా ఏమీ లేదు. ముందే పట్టుకున్నాం. మీ తమ్ముడు ఏటా చూపించుకోవాల, నువ్వు గూడా" అన్నాడు.

తమ్ముడు నా చెయ్యి పట్టుకొని నవ్వినాడు. నేను ఆ వరండాలోనే కూలబడి, "నాయనా" అని గొంతు పగిలేట్టు ఏడ్చినాను.