మంగళారం, శనారం పడని గేరు

ఆ రోజుల్లో నా దగ్గర ఒక ల్యాప్‌టాప్, దానికి వేలాడే ఒక నల్ల వైరు ఉండేవి. ఆ రెండూ చేతిలో ఉంటే లోకంలో నాకు తెలియని జబ్బు లేదనుకునేదాన్ని. ఇరవై రెండేళ్ల వయసులో అలా అనుకోకపోతే ఇంకెప్పుడనుకుంటాం లెండి. లక్సెట్టిపేట నుంచి డిప్లొమా పట్టా పట్టుకుని వచ్చి, కరీంనగర్ బైపాసు పక్కన ఒక పెద్ద లారీల వర్క్‌షాపులో చేరాను. ఆరు నెలలు చూసి, పనికొస్తానో లేదో అప్పుడు చెబుతామన్నారు. లారీల షెడ్డులో ఆడపిల్లకేం పనని మా వాడకట్టులో కొందరు ముక్కున వేలేసుకున్నారు. మా అవ్వ మాత్రం "మా బిడ్డ లారీలకు డాక్టరు" అని ఇంటింటికీ చెప్పుకుని తిరిగేది. (ఆ డాక్టరుకు స్కూటీ నడపడం కూడా సరిగా రాదన్న సంగతి అవ్వ ఎవరికీ చెప్పలేదు. నేనూ చెప్పలేదు.)

అప్పుడప్పుడే మా వైపు క్లచ్ లేని లారీలు దిగుతున్నాయి. వాటిలో పొడుగాటి గేరు రాడ్డు ఉండదు. డ్రైవరు ముందు ఒక గుండ్రటి నాబు ఉంటుంది. దాన్ని ముందుకో వెనక్కో తిప్పితే చాలు, గేర్లు బండే మార్చుకుంటుంది. ఎక్కడైనా తేడా వస్తే లోపలున్న కంప్యూటరు ఆ తప్పుకొక నంబరు వేసి, తేదీ, సమయంతో సహా రాసి పెట్టుకుంటుంది. మేము వైరు తగిలించి ఆ నంబరు చదవాలి. దాన్ని ఫాల్ట్ కోడ్ అంటారు. మా షెడ్డులో ఆ చదువు వచ్చింది నాకొక్కదానికే. పెద్ద మెకానిక్కును అందరం ఉస్తాద్ అనేవాళ్లం. ఆయన గేరుబాక్సు మీద అరచెయ్యి ఆనించి, కళ్లు మూసుకుని, "మూడో గేరు పండ్లు అరిగినయ్" అని చెప్పేవాడు. విప్పి చూస్తే నిజంగానే అరిగి ఉండేవి. క్లచ్ లేని బండి వస్తే మాత్రం, "గిది నాతోని మాట్లాడ్తలేదు బేటీ, నీ డబ్బాతోనే మాట్లాడ్తదట" అని పక్కకు జరిగేవాడు. నేను దాన్ని మెచ్చుకోలు కింద జమ కట్టుకునేదాన్ని.

అలాంటి బండినే ఒకదాన్ని మస్కట్ పటేల్ కొన్నాడు. పదిహేనేళ్లు మస్కట్‌లో బండ్లు నడిపి తిరిగొచ్చిన మనిషి కాబట్టి ఆ పేరు. గ్రానైటు బండలు క్వారీ నుంచి రైల్వే యార్డుకు తోలడానికి కొన్నాడు. దానికి డ్రైవరు నిదానం మామ. ముప్పై ఏళ్లు లారీలు తోలినా ఒక్క గీత పడనివ్వని మనిషి. ఎవరు తొందరపెట్టినా "నిదానం, నిదానం" అనడమే తప్ప యాక్సిలరేటరు మీద కాలు బరువు పెంచడు. బండి అప్పగించిన రోజు నాబు ఎలా తిప్పాలో ఆయనకు నేర్పింది నేనే. నేను ఎక్కబోతే "చెప్పులిడ్సి ఎక్కు బిడ్డా" అన్నాడు. నావి ఇనుప ముక్కు ఉన్న సేఫ్టీ బూట్లు. వాటి తాళ్లు విప్పడానికి పది నిమిషాలు పట్టింది, ఆయన విసుక్కోకుండా నిలబడ్డాడు.

నెల తిరక్కుండా బండి షెడ్డుకు వచ్చింది. కొన్ని పొద్దుల్లో తాళం తిప్పితే ఎర్ర లైటు వెలిగి, నాబు ఎటు తిప్పినా గేరు పడటం లేదట. బండి న్యూట్రల్‌లోనే మొండికేసి కూర్చుంటుందట. ఎండెక్కాక దానంతటదే సర్దుకుని కదులుతుందట. మా దగ్గరికి వచ్చేసరికి మాత్రం పెళ్లిచూపుల్లో పిల్లలా వంచిన తల ఎత్తలేదు, గేర్లన్నీ బుద్ధిగా పడ్డాయి. వైరు తగిలించాను. కోడు కనిపించింది. దాని అర్థం "గేరు ఎంపిక సంకేతం నమ్మదగినదిగా లేదు" అని. ఉస్తాద్‌కు చదివి వినిపిస్తే, "అరె, గిది కచీర్ల గవాయి చెప్పినట్టు చెప్తుందేంది" అని కోర్టు సాక్షితో పోల్చాడు. నేను నవ్వలేదు. చదువుకున్నవాళ్లు కోడును చూసి నవ్వకూడదని నా అభిప్రాయం.

మొదటిసారి వైర్ల జాయింట్లన్నీ ఊడదీసి, శుభ్రం చేసి బిగించాను. బండి వెళ్లింది, నాలుగు రోజులకు తిరిగొచ్చింది. రెండోసారి కంప్యూటరులో ప్రోగ్రాం మొత్తం కొత్తగా ఎక్కించాను. వారానికి మళ్లీ వచ్చింది. వచ్చిన ప్రతిసారీ నాబు మీద ఏదో నారింజ రంగు మరక ఉండేది. లారీలన్నాక ఎక్కడో ఒకచోట బొట్టు ఉండనే ఉంటుంది కదా, పనిమంతురాలిలా గుడ్డ తీసుకుని తుడిచేసేదాన్ని. మూడోసారి నాకు అసలైన తెలివి పుట్టింది. కోడు పడిన తేదీలన్నీ వరసగా పేర్చి చూశాను. మంగళవారం, శనివారం, మంగళవారం, శనివారం. సమయం పొద్దున్నే ఆరున్నర, ఏడు. మిగతా రోజుల్లో ఒక్కటంటే ఒక్కటి లేదు!

ఇనుముకు వారాలు తెలియవు కదా, మనిషికే తెలుస్తాయి అని తేల్చుకున్నాను. అక్కడిదాకా బాగానే ఉంది. అక్కడ ఆగి ఆ మనిషిని అడిగి ఉంటే ఈ కథే లేదు. "జర ఆయన్ని పిలిచి అడుగు బేటీ, పొద్దుగాల ఏం జేస్తడో" అని ఉస్తాద్ అన్నాడు కూడా. "అడిగితే నిజం చెప్తారా ఉస్తాద్? నా దగ్గర తేదీలున్నయి" అన్నాను. రిపోర్టులో "బండిలో లోపం లేదు, డ్రైవరు నాబును మోటుగా తిప్పడం వల్ల" అని రాసి, కింద నా పేరు పొడుగ్గా సంతకం పెట్టాను. (ఆ సంతకం కోసం ముందురోజు రఫ్ నోట్‌బుక్కులో సాధన చేశానని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.)

ఆ రిపోర్టు చూసి మస్కట్ పటేల్ మా మేనేజరుకు ఫోను చేశాడు. మంగళవారం పొద్దున తన కళ్ల ముందు అదే జరిగితే మామను దింపేసి వేరే డ్రైవరును ఎక్కిస్తానన్నాడు. "రాసినామె వచ్చి చూపియ్యాలె" అని కూడా అన్నాడట. అప్పుడు గానీ నేను రాసిన మాటల బరువు నాకు తెలియలేదు. క్లచ్ కూడా లేని బండిని నడపరాక దిగిపోయాడన్న పేరొస్తే, ఆ క్వారీల దారిలో నిదానం మామకు ఇక ఎవరూ బండి ఇవ్వరు. ముప్పై ఏళ్ల పేరు నా మూడు లైన్లతో పోతుంది. అయినా తేదీలు అబద్ధం చెప్పవు కదా అని నాకు నేనే ధైర్యం చెప్పుకుని మొదటి బస్సెక్కాను.

క్వారీకి చేరేసరికి ఇంకా ఆరున్నర కాలేదు. పటేల్ రాలేదు. మామ తలస్నానం చేసి, తడి తల మీద కండువా చుట్టుకుని, బండి అద్దం తుడుస్తున్నాడు. నన్ను చూసి, "గింత పొద్దుగాల్నే వస్తివా బిడ్డా? చాయ్ తాగినవా?" అన్నాడు. తన మీద రిపోర్టు రాసిన పిల్లను ఎవరైనా అలా అడుగుతారా? నేను బూట్లు విప్పి పక్క సీట్లో కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచాను, దొంగను పట్టుకోబోయే పోలీసులాగా.

మామ కింద టైరు ముందర కొబ్బరికాయ కొట్టాడు. నీళ్లు గ్లాసులో పట్టుకుని పైకొచ్చాడు. కొండగట్టు హనుమంతుడి గుడి నుంచి తెచ్చిన సింధూరం పొట్లం విప్పి, నూనెలో రంగరించి, అంజన్నను తలుచుకుంటూ నాబుకు నిండుగా బొట్టు పెట్టాడు. అగరువత్తి తిప్పాడు. ఆ తర్వాత గ్లాసులోని కొబ్బరినీళ్లు దోసిట్లోకి తీసుకుని, ఒకసారి కాదు, మూడుసార్లు, నాబు మీద చల్లాడు. నీళ్లు నాబు చుట్టూ ఉన్న సందులోకి నెమ్మదిగా జారిపోవడం నేను చూస్తూనే ఉన్నాను. కళ్లకద్దుకుని తాళం తిప్పాడు. ఎర్ర లైటు వెలిగింది. నా ల్యాప్‌టాప్‌లో అదే కోడు, అదే నమ్మదగని సంకేతం!

"మామా! గా నీళ్లు నాబు మీద ఎందుకు చల్లుతున్నరు?" అని దాదాపు అరిచాను.

ఆయన ఆశ్చర్యంగా చూశాడు. "గట్లంటవేంది బిడ్డా? నువ్వే చెప్తివి గద."

"నేనా?"

"బండి ఇచ్చిననాడు. గందరి ముందట నిలవడి చెప్పలే? 'స్టీరింగు గీరింగు కాదు మామా, గీ బండికి పానం గీ నాబే. రోజు దీనికి దండం వెట్టుకున్నంకనే బండి తియ్యాలె' అంటివి. నేను ముప్పయేండ్లు స్టీరింగుకే బొట్టు వెట్టిన. సదువుకున్న పిల్ల చెప్తుంది, కొత్త బండికి గిదే పద్ధతి గావచ్చు అనుకోని గిటు మార్చిన. రోజు ఉత్త దండమే. మంగళారం, శనారం అంజన్న రోజులు గదా, గా రెండు రోజులే కొబ్బరికాయ."

అన్నాను. అక్షరాలా అన్నాను. ఆ రోజు చుట్టూ పదిమంది నిలబడి వింటుంటే, నవ్వించాలని గొంతు పెంచి అన్నాను. నవ్వినవాళ్లు నవ్వి మరిచిపోయారు. నా మాటను ఒక్క మనిషి మాత్రం తలస్నానం చేసి మరీ పాటించాడు. అలా పాటించినందుకు ఆయనది మోటుతనమని నేను రాశాను.

ఇంతలో పటేల్ మోటార్ సైకిల్ వచ్చి ఆగింది. ఆయన ఎర్ర లైటు చూశాడు, నన్ను చూశాడు. "ఏం మేడం, కాయితంల రాసింది ఖాయమేనా?"

నేను నోరు తెరిచేలోపే మామ కిందికి దిగాడు. "ఖాయమే పటేలా. నాదే తప్పు. బొట్టు వెట్టి నీళ్లు చల్లిన, గవ్వి లోపటికి వోయినయి. గీ బిడ్డ ఇప్పుడే కండ్లార సూసింది." నా మాట ఎత్తనే లేదు. నేను దిగి పక్కకు వస్తే, నాకు మాత్రమే వినపడేలా, "ఊకో, నీది కొత్త కొలువు" అన్నాడు.

పటేల్ చెయ్యి చాపాడు. మామ తాళం చెవిని కండువాతో తుడిచి ఆ చేతిలో పెట్టాడు. రాస్తుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది, అంతసేపూ నేను గుడ్లప్పగించి చూస్తూ నిలబడ్డాను. నా ఆరు నెలలు, మా అవ్వ చెప్పుకుని తిరిగే డాక్టరు, అన్నీ ఆ కాస్తసేపట్లోనే గుర్తొచ్చాయి. మామ తన టిఫిను, దుప్పటి తెచ్చుకోవడానికి మళ్లీ బండెక్కబోయాడు. ఎక్కే ముందు, ఇక తనది కాని బండికి కూడా, చెప్పులు విడిచాడు. అది చూశాక నాకు ఆగలేదు.

"పటేల్ సాబ్, నేనే చెప్పిన" అన్నాను. గొంతు పిల్లి కూనలా వచ్చింది. మళ్లీ అన్నాను. ఆ రోజు ఏం కూశానో మొత్తం చెప్పాను. చెబుతూ చెబుతూ ఏడ్చాను కూడా.

పటేల్ నన్ను, మామను, కొబ్బరి చిప్పలను వరసగా చూశాడు. "అంటే మీరు చెప్తె ఆయన జేసిండు. జేసినందుకు ఆయనదే తప్పని మల్ల మీరే రాసిండ్రు. అంతేనా మేడం?"

"అంతే" అన్నాను.

ఆయన పళ్లు బిగించాడు. తర్వాత భుజాలు కదిలాయి. "మస్కట్ల పదిహేనేండ్లున్న, గేరుబాక్సుకు తీర్థం వోసినోన్ని సూడలే" అని నవ్వి, తాళం చెవి మామ చేతిలో తిరిగి పెట్టాడు. నాతో మాత్రం నవ్వకుండా, "కాయితం మార్పియ్యిండ్రి. బండి సంగతి గాదు, మనిషి సంగతి" అన్నాడు.

నాలుగు స్క్రూలు విప్పితే నాబు లోపల సింధూరం, ఉప్పుదేరిన కొబ్బరినీళ్లు కలిసి ముద్దకట్టి ఉన్నాయి. తుడిచి, ఎండలో ఆరబెట్టి, బిగించి, కోడు చెరిపేశాను. గేరు టక్కున పడింది. బొట్టు మళ్లీ స్టీరింగుకు మారింది. ఫోనులో సంగతంతా విన్న ఉస్తాద్ చాలాసేపు దగ్గి (అది దగ్గు కాదని ఇద్దరికీ తెలుసు), "ఫికర్ జెయ్యకు బేటీ, నేను గూడ ఒకపారి మంచిగున్న గేరుబాక్సును ఉత్తగనే ఇప్పిన" అన్నాడు. మా మేనేజరు మాత్రం నన్ను ఇంకో మూడు నెలలు చూస్తానన్నాడు.

కొత్త రిపోర్టులో "లోపం కనుగొన్నవారు" అనే గడి దగ్గర నా కలం ఆగింది. నేను కనుగొన్నది ఏముంది? మామ దగ్గరికి వెళ్లి అసలు పేరు అడిగాను. అంతకాలం నాకు ఆ పేరే తెలియదు మరి. ఆయన ఇంటిపేరుతో సహా నిదానంగా చెప్పి, రాసింది చదివి వినిపించమన్నాడు. వినిపించాను. "చలాన్ల మీద తప్ప నా పేరు ఎవ్వలూ కాయితం మీద రాయలే బిడ్డా. గిది జిరాక్సు తీసియ్యరాదు?" అన్నాడు. రెండు తీసిచ్చాను.

ఇప్పుడు నేనే కొత్తగా చేరిన పిల్లలకు ఆ కోడ్లు చదవడం నేర్పుతున్నాను. బండి అప్పగించేటప్పుడు జోకులు వెయ్యడం మానేశాను. అప్పుడప్పుడూ ఆ ఇరవై రెండేళ్ల పిల్ల గుర్తొచ్చి నవ్వొస్తుంది. ఎదురైతే రెండు మాటలు చెప్పాలని ఉంటుంది. కానీ వింటుందన్న ఆశ లేదు. పైగా నన్ను ఆంటీ అంటుంది.